యాప్ ఎందుకు హ్యాంగ్ అవుతుంది? మెయిన్ థ్రెడ్ మీద పడే బరువు

క్లుప్తంగా: విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఏది తీసుకున్నా, ఒక విండోకు వచ్చే క్లిక్‌లు వినడం, తెరను నవీకరించడం ఒకే థ్రెడ్ (యాప్ లోపల పనులను ఒకదాని తర్వాత ఒకటిగా చేసుకుపోయే దారం) చేతిలో ఉంటాయి. ఆ థ్రెడ్ వేరే పనిలో ఇరుక్కుంటే యాప్ మొత్తం బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. పనిని పక్క థ్రెడ్‌కు పంపడానికి ఇప్పుడు దాదాపు ప్రతి భాషలోనూ మంచి సౌకర్యాలున్నాయి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఫలితం తిరిగి తెర మీదికి వచ్చే దారిలో. ఈ వ్యాసం ఎక్కువ సేపు ఆగేది అక్కడే.

బటన్ నొక్కితే ఏమీ జరగదు. మళ్లీ నొక్కితే తెర తెల్లబడుతుంది. కాసేపటికి "యాప్ స్పందించడం లేదు, మూసేయమంటారా?" అని ఒక పెట్టె వస్తుంది. వాడేవాళ్లు దీన్ని "హ్యాంగ్ అయింది" అంటారు. నెపం ఎక్కువగా ఫోన్ మీదికో, నెట్ మీదికో పోతుంది. ప్రాసెసర్ చాలక ఇలా జరిగే సందర్భాలు లేకపోలేదు. అయితే చాలాసార్లు ఆ సమయంలో ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఒక్క థ్రెడ్ మాత్రం ఏ ఫైల్ కోసమో, ఏ సర్వర్ జవాబు కోసమో ఎదురుచూస్తూ నిలబడి ఉంటుంది. పొరపాటల్లా ఆ నిలబడినది మెయిన్ థ్రెడ్ కావడమే.

ఒకే వరుసలో అన్ని పనులూ

యాప్ తెరవగానే ఆపరేటింగ్ సిస్టమ్ దానికి ఒక థ్రెడ్ ఇస్తుంది. దాన్ని మెయిన్ థ్రెడ్ అనీ, యూఐ థ్రెడ్ అనీ అంటారు. అది మొదటి నుంచి చివరి దాకా చేసేది ఒకటే: వరుసలోంచి తర్వాతి సందేశం తీసుకోవడం, దానికి తగిన ఫంక్షన్‌ను పిలవడం, అది ముగిశాక మళ్లీ వరుస దగ్గరికి రావడం. మౌస్ కదిలితే ఒక సందేశం, కీ నొక్కితే ఒక సందేశం, టైమర్ మోగితే ఇంకొకటి. "ఈ భాగాన్ని మళ్లీ గీయి" అన్నది కూడా సందేశమే. విండోస్‌లో దీన్ని మెసేజ్ లూప్ అంటారు. ఆండ్రాయిడ్‌లో ఇది లూపర్, యాపిల్ సిస్టమ్‌లలో రన్ లూప్. జావా స్వింగ్‌లో ఈ పని చూసేది ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్. పేర్లు మారినా నడక ఒక్కటే. తెలుగులో రాసుకుంటే ఇలా ఉంటుంది:

    యాప్ నడుస్తున్నంత సేపూ:
        సందేశం = వరుసలో మొదటిది తీసుకో, లేకపోతే వచ్చేదాకా నిద్రపో
        ఆ సందేశానికి తగిన ఫంక్షన్‌ను పిలువు

చివరి లైన్‌లో పిలిచిన ఫంక్షన్ 3 సెకన్లు తీసుకుంటే, ఆ 3 సెకన్లూ లూప్ ముందుకు కదలదు. ఈలోపు నొక్కినవన్నీ వరుసలో పోగవుతాయి. థ్రెడ్ విడుదల కాగానే అన్నీ ఒక్కసారిగా అమలవుతాయి. ఒకే ఆర్డర్ రెండుసార్లు వెళ్లడం, ఒకే సందేశం మూడుసార్లు పోస్ట్ కావడం లాంటి ఫిర్యాదులకు చాలా సందర్భాల్లో మూలం ఇదే.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పకుండా తికమకపడే చోటు ఒకటుంది. బటన్ ఫంక్షన్ మొదటి లైన్‌లో లేబుల్‌ను "లోడ్ అవుతోంది" అని మారుస్తారు. రెండో లైన్‌లో పెద్ద ఫైల్ చదువుతారు. మూడో లైన్‌లో లేబుల్‌ను "పూర్తయింది" అంటారు. నడిపి చూస్తే మొదటి మాట తెర మీద కనిపించనే కనిపించదు. లేబుల్ విలువ మార్చడం వేరు, తెర మీద గీయడం వేరు. విలువ మారగానే "మళ్లీ గీయి" అన్న సందేశం వరుసలో చేరుతుంది. ఆ సందేశాన్ని తీసుకోవాల్సిన థ్రెడ్ ఇంకా ఫైల్ చదువుతూనే ఉంటుంది. అది ఖాళీ అయ్యేసరికి లేబుల్ విలువ "పూర్తయింది"గా మారిపోయి ఉంటుంది.

దీనికి వ్యతిరేకంగా కనిపించే సంగతి కూడా ఉంది. ఐఫోన్‌లో మెయిన్ థ్రెడ్ ఆగిపోయినా, గుండ్రంగా తిరిగే లోడింగ్ గుర్తు తిరుగుతూనే ఉండవచ్చు. అక్కడ యానిమేషన్‌ను నడిపేది యాప్ బయట ఉండే వేరే ప్రాసెస్. ఆండ్రాయిడ్‌లో కూడా 2014లో వచ్చిన 5.0 నుంచి రెండర్ థ్రెడ్ అని విడిగా ఒకటి ఉంది, కొన్ని యానిమేషన్లు దాని మీదే నడుస్తాయి. కాబట్టి ఏదో కదులుతోంది కదా అని యాప్ బాగానే ఉందనుకోకూడదు. స్క్రోల్ చేస్తే కదులుతోందా, వెనక్కి నొక్కితే పోతోందా అన్నదే సరైన పరీక్ష.

అన్ని థ్రెడ్‌లూ తెరను తాకితే ఏమవుతుంది?

ఈ రోజుల్లో మామూలు ఫోన్‌లో కూడా 8 కోర్లు ఉంటున్నాయి. అలాంటప్పుడు తెర పని ఒకే థ్రెడ్‌కు ఎందుకు కట్టబెట్టారన్న సందేహం సహజం. నిజానికి మరో దారిలో వెళ్లి చూసినవాళ్లున్నారు. 1996లో జావాతో పాటు వచ్చిన, విండోలు, బటన్లు చూపే ఏడబ్ల్యూటీ లైబ్రరీని మొదట ఏ థ్రెడ్ నుంచైనా పిలవవచ్చన్న ఉద్దేశంతోనే ఇచ్చారు. డెడ్‌లాక్‌లు (థ్రెడ్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగి కదలకపోవడం), ఎప్పుడు వస్తాయో తెలియని లోపాలు చుట్టుముట్టాయి. తర్వాత వచ్చిన స్వింగ్ ఒకే థ్రెడ్ పద్ధతికి మారింది. ఈ అనుభవాన్ని జావాను తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన గ్రాహం హామిల్టన్ 2004లో విడమరచి రాశారు.

ఆయన చూపిన కారణం ఇప్పటికీ చెల్లుతుంది. తెరకు సంబంధించిన పిలుపులు రెండు ఎదురెదురు దిక్కుల్లో ప్రయాణిస్తాయి. యాప్ ఒక బటన్ రంగు మార్చాలంటే పిలుపు పై నుంచి కిందికి వెళుతుంది: యాప్, దాని కింద లైబ్రరీ, దాని కింద ఆపరేటింగ్ సిస్టమ్. వేలు తగిలినప్పుడు అదే పిలుపు కింది నుంచి పైకి వస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా తాళం (లాక్, అంటే ఒకసారికి ఒకే థ్రెడ్‌ను లోపలికి వదిలే ఏర్పాటు) వేసి కాపాడుకుందామనుకుంటే, దిగేవాడు పై తాళం పట్టుకుని కింది తాళం కోసం ఆగుతాడు, ఎక్కేవాడు కింది తాళం పట్టుకుని పై తాళం కోసం ఆగుతాడు. ఇద్దరూ కదలరు. లైబ్రరీ రాసినవాళ్లు ఎంత జాగ్రత్తపడినా, దాన్ని వాడే లక్షల మంది అదే క్రమం పాటిస్తారన్న భరోసా లేదు. అందుకే ప్రధాన వేదికలన్నీ చివరికి ఒకే నియమానికి వచ్చాయి: తెరను తాకేది ఒకే థ్రెడ్.

ఈ నియమాన్ని దాటినప్పుడు ఎవరెలా స్పందిస్తారన్నది మాత్రం ఒకేలా ఉండదు. ఆండ్రాయిడ్ సాధారణంగా అక్కడికక్కడే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సంకేతం) విసిరి యాప్‌ను ఆపేస్తుంది. విండోస్ ఫారమ్స్‌లో ఈ తనిఖీ డిఫాల్ట్‌గా డీబగ్గర్ (కోడ్‌ను నడిపిస్తూ తప్పులు వెతికే పరికరం) తగిలించి ఉన్నప్పుడే పనిచేస్తుంది. డీబగ్గర్ లేకుండా నడిస్తే తప్పు కనిపించకుండా జారిపోయి, ఎప్పుడో ఒకసారి తెర చెదిరిపోతుంది. ఐఓఎస్‌లోనూ పక్క థ్రెడ్ నుంచి మార్చిన లేబుల్ కొన్నిసార్లు ఆలస్యంగా కనిపిస్తుంది, కొన్నిసార్లు అసలు కనిపించదు, కొన్నిసార్లు క్రాష్ అవుతుంది. వెంటనే క్రాష్ చేసే ఆండ్రాయిడ్ పద్ధతి కటువుగా అనిపించినా డెవలపర్‌కు అదే మేలు, ఎందుకంటే తప్పు రాసిన రోజే దొరికిపోతుంది.

16 మిల్లీసెకన్ల లెక్క

సెకనుకు 60 సార్లు తెర మారే పరికరంలో ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. 120 సార్లు మారే తెరల్లో అది 8.33కు పడిపోతుంది. ఈ గడువులోపే స్క్రోల్ కదలికను అర్థం చేసుకోవాలి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో లెక్కగట్టాలి, గీయడానికి పంపాలి. గడువు దాటితే పాత ఫ్రేమే ఇంకోసారి కనిపిస్తుంది, కంటికి అది చిన్న కుదుపుగా తెలుస్తుంది.

ఈ అంకెలను మామూలు పనులతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. మెమరీలోంచి ఒక విలువ తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి చిన్న ముక్క చదవడానికి పదుల నుంచి వందల మైక్రోసెకన్లు. తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక్క చోటు వెతకడానికే దాదాపు 10 మిల్లీసెకన్లు, అంటే ఒక ఫ్రేమ్‌లో సగానికి పైగా. వేరే ఖండంలో ఉన్న సర్వర్‌కు వెళ్లి రావడానికి 150 మిల్లీసెకన్ల దాకా, అంటే 9 ఫ్రేములు. అదీ అంతా బాగున్నప్పటి లెక్క. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇదే పని 10 సెకన్లు తీసుకోవచ్చు, టైమ్‌అవుట్ పెట్టకపోతే ఇంకా ఎక్కువ. ఆఫీస్ వైఫైలో ఎప్పుడూ బయటపడని హ్యాంగ్ లిఫ్ట్‌లో, రైల్లో బయటపడేది ఇందుకే.

మనిషి ఓపికకు సంబంధించిన కొలతలు చాలా పాతవి. పరిశోధకుడు రాబర్ట్ మిల్లర్ 1968లోనే వీటి మీద రాశారు. వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో వాటిని మూడు హద్దులుగా ప్రచారంలోకి తెచ్చారు. 0.1 సెకను లోపు జవాబొస్తే "నొక్కగానే జరిగింది" అనిపిస్తుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి మళ్లుతుంది. మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8 తెచ్చినప్పుడు ఇంకా కఠినంగా వెళ్లింది. 50 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ పట్టే అవకాశమున్న కొత్త ఏపీఐలన్నిటినీ (యాప్‌లు సిస్టమ్‌ను పని అడిగే ఫంక్షన్లను) అసింక్రనస్‌గానే ఇవ్వాలని పెట్టుకుంది. పని అయ్యేదాకా నిలబడి చూసే రూపం వాటికి ఇవ్వలేదు. ఫైల్ తెరవడానికి కూడా ఇంత తతంగమా అని అప్పట్లో డెవలపర్లు విసుక్కున్నా, ఆ నియమం వెనుక ఉన్న లెక్క సరైనదే.

సిస్టమ్ ఓపిక నశిస్తే

పాత రోజుల్లో ఇలాంటి తప్పు ఒక్క యాప్‌తో ఆగేది కాదు. విండోస్ 3.1లోనూ, పాత మ్యాక్‌లోనూ యాప్‌లు తమంతట తాముగా ప్రాసెసర్‌ను వదిలితేనే మిగతావాటికి వంతు వచ్చేది. ఒకటి మొండికేస్తే మెషిన్ అంతా ఆగేది. 1995లో విండోస్ 95, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక సిస్టమే వంతులు వేయడం మొదలైంది. దాంతో నష్టం ఒక యాప్ వరకే పరిమితమైంది, సిస్టమ్‌కు నిఘా పెట్టే వీలూ చిక్కింది.

విండోస్ 5 సెకన్ల పాటు చూస్తుంది. ఆలోపు విండో తన వరుసలోంచి ఏ సందేశమూ తీసుకోకపోతే, అదే కొలతల్లో ఒక నకిలీ విండోను దాని స్థానంలో పెడుతుంది. తెల్లబడిన తెర, టైటిల్ పక్కన "స్పందించడం లేదు" అన్న మాట ఆ నకిలీ విండోవే. దాన్ని జరపవచ్చు, మూసేయవచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ తాకిడికి 5 సెకన్లలోపు స్పందన లేకపోతే ఏఎన్‌ఆర్‌గా (అప్లికేషన్ నాట్ రెస్పాండింగ్) నమోదవుతుంది. గూగుల్ ప్లే దీన్ని మార్కుల లెక్కలోకి తీసుకుంటుంది. రోజువారీ వాడకందారుల్లో 0.47 శాతం మందికి మించి ఏఎన్‌ఆర్ కనిపిస్తే, ప్లే స్టోర్‌లో యాప్ కనబడే అవకాశం తగ్గవచ్చు. అలా హ్యాంగ్ అన్నది వ్యాపారాన్ని తాకే సంగతి అయింది.

యాపిల్ తీరు వేరు. యాప్ తెరుచుకోవడానికి సుమారు 20 సెకన్లు ఇచ్చి, దాటితే వాచ్‌డాగ్ అనే నిఘా ఏర్పాటు ఏ పెట్టే చూపకుండా చంపేస్తుంది. వాడేవాళ్లకు అది మామూలు క్రాష్‌లాగే కనిపిస్తుంది. క్రాష్ రిపోర్ట్‌లో ఉండే 0x8badf00d అన్న గుర్తు సంఖ్యను అక్షరాలుగా చదివితే "ఎయిట్ బ్యాడ్ ఫుడ్" అని వస్తుంది. డెవలపర్లు గుర్తుంచుకోవాల్సిన అసలు విషయం ఇది: డీబగ్గర్ తగిలించి నడిపినప్పుడు గానీ, సిమ్యులేటర్‌లో గానీ వాచ్‌డాగ్ పనిచేయదు. తెరుచుకోగానే మెయిన్ థ్రెడ్ మీద సర్వర్‌ను అడిగే యాప్ డెవలపర్ టేబుల్ మీద ఎన్ని రోజులైనా నడుస్తుంది. బయట మనిషి చేతిలో పడిన రోజు చస్తుంది. విడుదలకు ముందు కేబుల్ తీసి, అసలైన పరికరంలో, నెమ్మది నెట్‌లో ఒకసారి తెరిచి చూడటం ఇందుకే అవసరం.

పనిని పక్కకు పంపడం: ఏసింక్‌టాస్క్ నేర్పిన పాఠం

ఆండ్రాయిడ్ 1.5 కాలంలో, అంటే 2009లో, ఏసింక్‌టాస్క్ అనే క్లాస్ వచ్చింది. వాడటం తేలిక: వెనుక నడవాల్సింది ఒక ఫంక్షన్‌లో, తెర మీద చూపాల్సింది ఇంకో ఫంక్షన్‌లో రాస్తే చాలు. పాఠాలన్నీ, నమూనాలన్నీ దానితోనే నిండిపోయాయి. అయితే దాని నడవడిక వెర్షన్‌ను బట్టి మారుతూ వచ్చింది. మొదట పనులు ఒకదాని తర్వాత ఒకటిగా నడిచేవి. 1.6లో ఒకేసారి పక్కపక్కన నడవడం మొదలైంది. దాంతో తప్పులు పెరిగాయని 3.0 నుంచి మళ్లీ ఒకదాని తర్వాత ఒకటిగా మార్చారు. ఒకే కోడ్ ఒక ఫోన్‌లో ఒకలా, ఇంకో ఫోన్‌లో ఇంకోలా ప్రవర్తించేది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే ఆండ్రాయిడ్ పాత తెరను కూల్చి కొత్తది కడుతుంది. ఏసింక్‌టాస్క్ మాత్రం పాత తెరనే పట్టుకుని ఉంటుంది. పని ముగిసి ఫలితం తెచ్చేసరికి ఇవ్వాల్సిన తెర లేదు. ఫలితం పోతుంది, లేదా యాప్ క్రాష్ అవుతుంది, ఏదీ కాకపోయినా ఆ పాత తెర మెమరీని వదలదు. 2020లో ఆండ్రాయిడ్ 11తో దీన్ని వాడవద్దని అధికారికంగా పక్కన పెట్టారు.

దీని తర్వాత నిలబడిన పద్ధతి అసింక్, అవెయిట్. సీ షార్ప్‌లో 2012లో, జావాస్క్రిప్ట్ ప్రమాణంలో 2017లో, స్విఫ్ట్‌లో 2021లో ఇది చేరింది. కోట్లిన్‌లో కోరూటిన్లు 2018లో స్థిరపడ్డాయి. వీటిలో కోడ్ పై నుంచి కిందికి మామూలుగా చదవవచ్చు, ఎదురుచూడాల్సిన చోట మాత్రం మెయిన్ థ్రెడ్ విడుదలై లూప్‌కు తిరిగి వెళుతుంది:

    బటన్ నొక్కినప్పుడు:
        బటన్‌ను నొక్కకుండా ఆపు
        లోడింగ్ గుర్తు చూపు
        ప్రయత్నించు:
            జాబితా = ఎదురుచూడు (వెనుక థ్రెడ్‌లో ఫైల్ చదువు)
            జాబితాను తెర మీద పెట్టు
        తప్పు వస్తే:
            కారణం చెప్పు, మళ్లీ ప్రయత్నించే వీలు ఇవ్వు
        ఏమైనా సరే చివరికి:
            లోడింగ్ గుర్తు తీసేయి
            బటన్‌ను మళ్లీ తెరువు

మొదటి లైన్ రెండోసారి నొక్కడాన్ని ఆపుతుంది. చివరి భాగం లేకపోతే, తప్పు వచ్చిన రోజు బటన్ శాశ్వతంగా మూసుకుపోయి ఉంటుంది. ఈ భాగాన్ని మరిచిపోవడం చాలా మామూలు, ఎందుకంటే రాసినవారి మెషిన్‌లో ఆ తప్పు ఎప్పుడూ రాదు.

అసింక్ అని పేరు పెట్టినంత మాత్రాన

ఇక్కడ విస్తృతంగా ఉన్న అపోహ ఒకటుంది. ఫంక్షన్ ముందు అసింక్ అనో, కోట్లిన్‌లో సస్పెండ్ అనో రాస్తే అది వేరే థ్రెడ్‌కు వెళుతుందని చాలామంది అనుకుంటారు. ఆ మాట "ఈ ఫంక్షన్ మధ్యలో ఆగి, తర్వాత కొనసాగగలదు" అని మాత్రమే చెబుతుంది. లోపల 12 మెగాపిక్సెళ్ల ఫొటోను చిన్నది చేసే లూప్ ఉండి, దాన్ని మెయిన్ థ్రెడ్ నుంచి మొదలుపెడితే, ఆ లూప్ మామూలుగా మెయిన్ థ్రెడ్ మీదే నడుస్తుంది. కోట్లిన్‌లో డిస్పాచర్ (పని ఏ థ్రెడ్ మీద నడవాలో చెప్పేది) మార్చాలి, సీ షార్ప్‌లో టాస్క్ డాట్ రన్‌కు అప్పగించాలి. ఫ్లట్టర్‌లో ఐసోలేట్‌కు పంపాలి. ఫ్లట్టర్ యాప్‌లు రాసే డార్ట్ భాషలో ఐసోలేట్‌లు మెమరీని పంచుకోవు, సందేశాలతోనే మాట్లాడుకుంటాయి. కాబట్టి పెద్ద డేటా అయితే పంపే ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది.

సర్వర్ జవాబు కోసం ఆగడం ఎదురుచూపు. ఫొటో చిన్నది చేయడం లెక్క. ఎదురుచూపుకు థ్రెడ్‌లు ఎక్కువున్నా ఫర్వాలేదు, అవి నిద్రపోతూనే ఉంటాయి. లెక్కకు మాత్రం కోర్ల కంటే ఎక్కువ థ్రెడ్‌లు పెడితే లాభం లేదు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కోట్లిన్‌లో డిఫాల్ట్ డిస్పాచర్ కోర్ల సంఖ్యకు సరిపోయేలా, ఐఓ డిస్పాచర్ మామూలుగా 64 థ్రెడ్‌ల దాకా పెరిగేలా ఉండటం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

సీ షార్ప్ డెస్క్‌టాప్ యాప్‌లలో ఇంకో ఉచ్చు ఉంది. అసింక్ ఫంక్షన్‌ను పిలిచి, అవెయిట్ రాయకుండా దాని రిజల్ట్ ప్రాపర్టీని చదివితే, మెయిన్ థ్రెడ్ అక్కడే ఆగుతుంది. వెనుక పని ముగిశాక మిగిలిన భాగం నడవాల్సింది మెయిన్ థ్రెడ్ మీదే. అది ఖాళీగా లేదు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ రెండూ నిలిచిపోతాయి. యాప్‌ను బలవంతంగా మూసేయడం తప్ప దారి ఉండదు. పై నుంచి కింది దాకా అవెయిట్ వాడటమే దీనికి సరైన మందు. లైబ్రరీ రాసేవాళ్లు, మిగిలిన భాగం మెయిన్ థ్రెడ్‌కే రావాలని పట్టుబట్టకుండా, లోపల కాన్ఫిగర్‌అవెయిట్ ఫాల్స్ పెట్టడం అదనపు రక్షణ.

చాలా ఏళ్లుగా చలామణిలో ఉన్న అడ్డదారి గురించి కూడా చెప్పాలి. పెద్ద లూప్ మధ్యలో డూఈవెంట్స్ అని పిలిస్తే, అప్పటిదాకా వరుసలో ఉన్న సందేశాలు అమలై తెర బతికినట్టే ఉంటుంది. క్యూటీలో ప్రాసెస్‌ఈవెంట్స్ కూడా అలాంటిదే. ప్రమాదం ఏమిటంటే ఆ సందేశాల్లో అదే బటన్ క్లిక్ ఉండొచ్చు, విండో మూసేయమన్న ఆదేశం ఉండొచ్చు. లూప్ సగంలో ఉండగానే అదే లూప్ మళ్లీ మొదలవుతుంది, లేదా లేని విండో మీద లూప్ కొనసాగుతుంది. పాత కోడ్‌లో ఇది కనిపిస్తే తీసేసి వెనుక థ్రెడ్‌కు మార్చడం మేలు.

తిరిగొచ్చే దారి

వెతుకు పెట్టెను ఉదాహరణగా తీసుకుందాం. ఒకరు "రామ" అని టైప్ చేసి, వెంటనే "రామకృష్ణ" దాకా వెళ్లారు. ప్రతి అక్షరానికీ సర్వర్‌కు ఒక ప్రశ్న వెళ్లింది. "రామ"కు ఫలితాలు ఎక్కువ కాబట్టి జవాబు ఆలస్యమైంది, "రామకృష్ణ" జవాబు ముందే వచ్చింది. తర్వాత వచ్చిన పాత జవాబు కొత్తదాన్ని తుడిచేసింది. పెట్టెలో ఒక మాట, కింద ఇంకో మాటకు ఫలితాలు! ఎక్కడా హ్యాంగ్ లేదు, క్రాష్ లేదు. థ్రెడ్‌లన్నీ నియమం ప్రకారమే నడిచాయి. అయినా తెర అబద్ధం చెబుతోంది. ఇది హ్యాంగ్ కంటే ప్రమాదకరం, ఎందుకంటే వాడేవాళ్లు దాన్ని నిజమనుకుంటారు.

    చివరి_సంఖ్య = 0

    అక్షరం మారినప్పుడు:
        చివరి_సంఖ్యకు 1 కలుపు
        నా_సంఖ్య = చివరి_సంఖ్య
        300 మిల్లీసెకన్లు ఎదురుచూడు
        నా_సంఖ్య, చివరి_సంఖ్య వేరైతే: ఇక్కడితో ఆగు
        ఫలితం = ఎదురుచూడు (సర్వర్‌ను అడుగు)
        నా_సంఖ్య, చివరి_సంఖ్య వేరైతే: ఫలితాన్ని పారేయి
        తెర ఇంకా ఉంటే: ఫలితాన్ని చూపు

ఇందులో మొదటి తనిఖీ అనవసరమైన ప్రశ్నలను ఆపుతుంది, రెండోది పాత జవాబును ఆపుతుంది. రెండూ కావాలి. ఎదురుచూపు పెట్టాం కదా అని చాలామంది రెండోది వదిలేస్తారు, కానీ 300 మిల్లీసెకన్లు దాటి వచ్చిన పాత జవాబును ఆ ఎదురుచూపు ఆపలేదు. సంఖ్యను మార్చేదీ, పోల్చేదీ మెయిన్ థ్రెడ్ ఒక్కటే కాబట్టి దానికి తాళం అక్కర్లేదు. ఒకే థ్రెడ్ నియమం ఇక్కడ డెవలపర్‌కు సాయపడుతుంది. కోట్లిన్‌లో పాత జాబ్‌ను రద్దు చేయడం, సీ షార్ప్‌లో క్యాన్సలేషన్ టోకెన్ ఇవ్వడం ఇదే ఆలోచనకు తీరైన రూపాలు. అయితే రద్దు అన్నది విన్నపమే. వెనుక నడిచే లూప్ మధ్యమధ్యలో "రద్దయిందా?" అని చూసుకోకపోతే అది చివరిదాకా నడుస్తూనే ఉంటుంది.

చివరి లైన్‌లోని "తెర ఇంకా ఉంటే" అన్నది ఏసింక్‌టాస్క్‌ను ముంచిన సమస్యే. ఇప్పటి పద్ధతుల్లో పనిని తెర ఆయుష్షుకు ముడిపెట్టవచ్చు. ఆండ్రాయిడ్‌లో వ్యూమోడల్ స్కోప్‌లో మొదలైన పని, ఫోన్ తిప్పినా బతికి ఉంటుంది, ఆ పేజీని పూర్తిగా వదిలేస్తే రద్దవుతుంది. తెరతో సంబంధం లేకుండా ముగియాల్సిన పనిని, ఉదాహరణకు ఫొటో అప్‌లోడ్‌ను, అందులో పెట్టకూడదు. అలాంటివి వర్క్‌మేనేజర్ లాంటి వాటికి అప్పగించాలి.

ప్రోగ్రెస్ చూపేటప్పుడు ఇంకో రకం ఇబ్బంది. లక్ష ఫైళ్లను వెనుక థ్రెడ్ చకచకా చూస్తూ, ఒక్కోదానికీ "ఇది అయింది" అని మెయిన్ థ్రెడ్‌కు సందేశం పంపితే, వరుసలో లక్ష సందేశాలు చేరతాయి. పని వెనుకే జరుగుతోంది, హ్యాంగ్ మాత్రం ముందు వచ్చింది. సెకనుకు పది మార్పులు కంటికి చాలు. 100 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే సందేశం పంపితే సరిపోతుంది.

దాగి ఉండే ఎదురుచూపులు, వాటిని పట్టుకునే పరికరాలు

నెట్ పిలుపు మెయిన్ థ్రెడ్ మీద పెట్టకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 నుంచి అలా చేస్తే ఎక్సెప్షనే వస్తుంది. మిగిలినవి అంత సులువుగా కంటపడవు. ఆండ్రాయిడ్‌లో చిన్న సెట్టింగ్‌లు దాచే షేర్డ్ ప్రిఫరెన్సెస్‌ను చూడండి. కమిట్ అంటే డిస్క్ మీద రాసేదాకా ఆగుతుంది, అప్లై అంటే వెనుక రాస్తుంది అని చెబుతారు. అది నిజమే. కానీ తెర మూసుకునేటప్పుడు మిగిలిపోయిన అప్లై రాతలన్నీ పూర్తయ్యేదాకా సిస్టమ్ మెయిన్ థ్రెడ్‌ను ఆపి ఉంచగలదు. నిమిషానికి వందసార్లు అప్లై పిలిచే యాప్‌లో ఆ ఏఎన్‌ఆర్ ఎక్కడి నుంచి వచ్చిందో కోడ్ చూస్తే అర్థం కాదు. డేటాస్టోర్‌కు మారమని గూగుల్ సలహా ఇవ్వడానికి ఇది ఒక కారణం.

తాళాలు ఇంకో దాగుడు చోటు. డేటాబేస్ రాతను వెనుక థ్రెడ్‌కే పంపారు, బాగుంది. ఆ రాత జరిగేటప్పుడు ఒక తాళం పట్టుకుని ఉంది. మెయిన్ థ్రెడ్ మెమరీలోంచి ఒక్క అంకె చదవడానికి అదే తాళం అడిగింది. ఇక రాత ముగిసేదాకా తెర ఆగినట్టే. ఇలాంటప్పుడు మెయిన్ థ్రెడ్ కోడ్‌ను ఎంత చూసినా తప్పు దొరకదు, ఆ క్షణంలో అన్ని థ్రెడ్‌లూ ఎక్కడెక్కడ నిలబడ్డాయో చూపే థ్రెడ్ డంప్ తీయాలి. ఏఎన్‌ఆర్ ట్రేస్‌లో మెయిన్ థ్రెడ్ "బ్లాక్డ్" అని ఉంటే, ఏ థ్రెడ్ నంబర్ ఆ తాళం పట్టుకుందో పక్కనే రాసి ఉంటుంది. చదవడం మొదలుపెట్టాల్సింది ఆ రెండో థ్రెడ్ నుంచి.

ముందే పట్టుకోవడానికి మంచి పరికరాలున్నాయి. ఆండ్రాయిడ్‌లో 2.3 నుంచి ఉన్న స్ట్రిక్ట్‌మోడ్, మెయిన్ థ్రెడ్ మీద డిస్క్ లేదా నెట్ తాకగానే హెచ్చరిస్తుంది. డీబగ్ బిల్డ్‌లో మొదటి రోజే దీన్ని తెరిచి ఉంచాలి. పాత ప్రాజెక్ట్‌లో ఒక్కసారిగా తెరిస్తే వందల హెచ్చరికలు వస్తాయి, అప్పుడు టీమ్ దాన్ని మళ్లీ మూసేస్తుంది. ముందు యాప్ తెరుచుకునే దారి వరకే తెరిచి, అది శుభ్రమయ్యాక మిగతా చోట్లకు వెళ్లడం నడిచే పద్ధతి. యాపిల్ వైపు 2017లో ఎక్స్‌కోడ్ 9తో వచ్చిన మెయిన్ థ్రెడ్ చెకర్ రెండో రకం తప్పును, అంటే పక్క థ్రెడ్ తెరను తాకడాన్ని పట్టుకుంటుంది. ఆగిపోయిన సమయాన్ని కొలవడానికి ఇన్‌స్ట్రుమెంట్స్ ఉంది. అది 250 మిల్లీసెకన్ల నుంచే చిన్న హ్యాంగ్‌గా లెక్కిస్తుంది.

పరికరాలేవీ అందుబాటులో లేని చోట కూడా ఒక చిన్న ఏర్పాటు పనికొస్తుంది. ఏ భాషలోనైనా పది లైన్లలో రాయవచ్చు:

    వెనుక థ్రెడ్‌లో, యాప్ నడుస్తున్నంత సేపూ:
        జవాబు_వచ్చింది = కాదు
        మెయిన్ థ్రెడ్ వరుసలో పెట్టు: జవాబు_వచ్చింది = అవును
        1 సెకను నిద్రపో
        జవాబు_వచ్చింది = కాదు అయితే:
            మెయిన్ థ్రెడ్ ఇప్పుడు ఎక్కడుందో రాసిపెట్టు

ఈ ఉదాహరణలో రెండు థ్రెడ్‌లూ తాకే విలువ ఒకటే, కాబట్టి దాన్ని భాష ఇచ్చే అటామిక్ రకంగా (రెండు థ్రెడ్‌లు ఒకేసారి తాకినా చెడని రకంగా) పెట్టుకోవాలి. జావా, కోట్లిన్‌లలో ఇంకో థ్రెడ్ స్టాక్‌ను నేరుగా అడగవచ్చు. మిగతా చోట్ల కనీసం ఆ సమయంలో ఏ తెర తెరిచి ఉందో రాసిపెట్టినా వెతకాల్సిన చోటు చాలా తగ్గుతుంది. వారం రోజుల రాతలు పోగేసి, ఒకే చోటు పదే పదే కనిపిస్తోందా అని చూస్తే, ముందు ఏ ఫంక్షన్‌ను పక్కకు పంపాలో ఆ జాబితాలోనే దొరుకుతుంది.